నిప్పు ఒప్పుకుంటేనే కప్పు

*వారాంతం వస్తే చాలు, నగరాల్లో ఐటీ ఉద్యోగులు, కాలేజీ పిల్లలు, రిటైరైన మాస్టార్లు చేతులకు మట్టి పూసుకుంటున్నారు. చేత్తో చేసిన కాఫీ కప్పుకు, సూప్ బౌలుకు వెయ్యి రూపాయలు పెట్టడానికీ వెనకాడటం లేదు. ఆ వెయ్యి ఎక్కడికి పోతుంది? తరతరాలుగా మట్టి తిప్పుతున్న కుమ్మరి వీధికి అందులో ఏమైనా దక్కుతోందా?*

బట్టీ పక్కన గోడకున్న చిన్న తెర మీద ఎర్ర అంకెలు నెమ్మదిగా దిగుతున్నాయి. 146... 145. హైదరాబాద్‌లో ఒక అపార్టుమెంటు సెల్లార్. శనివారం పొద్దున్నే ఏడెనిమిది మంది వచ్చి, టిఫిన్ కూడా మర్చిపోయి ఆ అంకెల ముందు నిలబడ్డారు.

‘‘మేడమ్, ఒక్కసారి కొంచెం మూత ఎత్తి చూద్దామా?’’

‘‘వంద లోపలికి రానీ అమ్మా. ఇప్పుడు చల్లగాలి తగిలిందంటే ముందు చీలేది నీ బౌలే.’’

మరో గంటన్నర గడిచాక మూత లేచింది. ముందుగా తెలిసింది రంగు కాదు, చప్పుడు. టింగ్... టింగ్... చల్లబడుతున్న పూత సన్నగా పగుళ్లిచ్చే శబ్దం. పై అరలో ఆకుపచ్చ కప్పులు వరసగా ఉన్నాయి. నీలం అనుకున్నది నీలంగానే వచ్చింది. తెల్లగా రావాల్సిన బౌలు అంచు దగ్గర గోధుమరంగుకు తిరిగింది, చేసినావిడకు అదే నచ్చింది. తంటా అంతా కింది అరలో. ఒక కప్పు మీది పూత కారిపోయి కింద పలకకు అతుక్కుంది. ఉలి పెట్టి తడితే కప్పు పైకొచ్చింది, అడుగు పలక మీదే ఉండిపోయింది. ఇంకోదానికి పిడి మొదట్లో వెంట్రుక మందాన చీలిక. ముప్పై నాలుగు లోపల పెడితే ఇరవై తొమ్మిది బాగా వచ్చాయి.

‘‘ఈసారి బాగానే ఒప్పుకుంది’’ అన్నారు మేడమ్. నిప్పు గురించి.

పేపర్ కప్పు మీద విరక్తి

ఈ మోజుకు కారణాలు ఒకటి కాదు. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో ఒక లెక్క బయటపెట్టారు. పేపర్ కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి పానీయం పోసి పదిహేను నిమిషాలు ఉంచితే, లోపలి పల్చటి ప్లాస్టిక్ పొర నుంచి సుమారు 25 వేల సూక్ష్మ కణాలు అందులోకి దిగుతున్నాయట. ఆఫీసులో రోజుకు మూడు టీలు తాగే మనిషికి ఇది నిద్ర పట్టనిచ్చే వార్త కాదు. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, స్పూన్లు, ప్లేట్ల మీద దేశవ్యాప్తంగా నిషేధం వచ్చింది. అప్పటికే లాక్‌డౌన్‌లో ఇంటి పట్టున ఉండి చేతిపనుల రుచి మరిగినవాళ్లున్నారు. కేఫ్‌లు ఒకే అచ్చులో పోసిన తెల్ల కప్పులు మానేసి, ఒకదానికొకటి పోలిక లేని మట్టి కప్పుల్లో కాఫీ ఇవ్వడం మొదలుపెట్టాయి. ఫొటోకు బాగుంటుంది మరి.

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు ఈ క్లాసులకు ఎందుకు ఎగబడుతున్నారో కనిపెట్టడానికి పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు. చేతులకు మోచేతి దాకా బురద ఉన్నప్పుడు ఫోన్ ముట్టుకోలేం. రెండు గంటలపాటు ఎవరి మెసేజీకీ జవాబివ్వక్కర్లేదు. నాకు తెలిసి నగరంలో అంత గట్టి సాకు మరోటి లేదు.

అయితే క్లాసుల్లో అందరూ వీడియో తీసుకునేది సారె మీద మట్టి పైకి లేచే ఆ పది నిమిషాలే. కప్పు కథలో అది చిన్న అధ్యాయం.

సారె దగ్గర

ముందు మట్టిని పిసకాలి. లోపల గాలి బుడగ మిగిలితే గోడ లాగేటప్పుడు సరిగ్గా అక్కడే చెయ్యి తడబడుతుంది. మట్టి కొన్నిచోట్ల గట్టిగా, కొన్నిచోట్ల మెత్తగా ఉన్నా అంతే. చపాతీ పిండి పిసకడం అలవాటున్న చేతులు దీన్ని త్వరగానే పట్టుకుంటాయి, కాకపోతే ఇక్కడ బలం అరచేతి మడమ నుంచి రావాలి.

ఒక మామూలు కాఫీ కప్పుకు 400 గ్రాముల ముద్ద చాలు. దాన్ని సారె నడిమధ్యకు తీసుకురావడమే కొత్తవాళ్లకు పెద్ద గండం. చక్రం తిరుగుతుంటే ముద్ద ఒక వైపుకు తన్నుతుంది, చేతులు దాని వెంట ఊగుతాయి. ‘‘చేతులు మట్టి మాట వినకూడదు, మట్టే చేతుల మాట వినాలి’’ అంటుంటారు నేర్పేవాళ్లు. మోచెయ్యిని తొడకు ఆనించి, ఊపిరి బిగబట్టకుండా, ముద్దను అలాగే అదిమి ఉంచితే ఒక క్షణంలో కుదుపు ఆగిపోతుంది. చక్రం తిరుగుతున్నా మట్టి నిలబడిపోయినట్టు కనిపిస్తుంది. ఆ క్షణం చూసినవాళ్లెవరూ ఒక్క క్లాసుతో ఆగరు.

ఆ తర్వాత బొటనవేళ్లతో గుంట తీయాలి. అడుగున అర సెంటీమీటరు పైన మట్టి వదలాలి. లోపల ఒక వేలు, బయట ఒక వేలు పెట్టి గోడను మూడు నాలుగు దఫాలుగా పైకి లాగాలి. కప్పుకైతే గోడ నిటారుగా ఉంటే చాలు. బౌలు అలా కాదు, దాని అసలు సంగతంతా లోపలి వంపులో ఉంటుంది. అడుగు నుంచి అంచు దాకా చెంచా ఎక్కడా తట్టుకోకుండా జారాలి. వంపు మధ్యలో మెట్టు పడితే పెరుగన్నం చివరి ముద్ద అక్కడే ఇరుక్కుంటుంది. బౌలు నోరు ఎంత వెడల్పయితే చక్రం వేగం అంత తగ్గించాలి. లేకపోతే అంచు ఒక్కసారిగా విచ్చుకుని పూవులా వాలిపోతుంది.

మంచి చెయ్యికి ఇదంతా ఐదు నుంచి పది నిమిషాల పని. అడుగున తీగ లాగి కోసి, పలక మీద పెట్టేస్తారు. వీడియో అక్కడితో ఆగిపోతుంది.

400 పట్టేది 270కి వస్తుంది

మర్నాటికి కప్పు ముట్టుకుంటే అంటుకోనంత, నొక్కితే వేలు దిగనంత ఆరుతుంది. దాన్ని బోర్లించి మళ్లీ సారె ఎక్కించి, అడుగు మందాన్ని చెక్కి, కింద సన్నటి వలయం తీస్తారు. కప్పు నిలబడేది ఆ వలయం మీదే. ఈ దశలోనే పిడి అతకాలి. మంచి పిడిని కోసి తయారు చేయరు, లాగుతారు. మట్టి కడ్డీని ఒక చేత్తో వేలాడదీసి, తడిచేత్తో ఆవు పొదుగు పితికినట్టు కిందికి సాగదీస్తారు. మొదట్లో మందంగా, చివర సన్నగా, వేళ్లకు అమరే వంపుతో వస్తుంది. అతికే చోట కప్పునూ పిడినీ రెండింటినీ గీరి, చిక్కటి మట్టినీళ్లు రాసి నొక్కాలి. కప్పు ఆరిపోయాక పచ్చి పిడి అంటిస్తే రెండూ వేర్వేరు వేగాల్లో కుంచించుకుపోయి, మొదట్లో చీలిక ఖాయం. సెల్లార్‌లో ఆ కప్పుకు పట్టిన గతి అదే.

ఆ పైన ఆరబెట్టడం. ఎండలో పెట్టేస్తే అయిపోదా అంటారు కొత్తవాళ్లు. ఎండలో ఒక వైపు ముందు ఆరి అంచు వంకర తిరుగుతుంది. అడుగు ఆలస్యంగా ఆరుతూ నడుమ ‘ఎస్’ ఆకారంలో చీలుతుంది. అందుకే పాలిథిన్ కప్పి, రోజూ కాస్త కాస్త తెరుస్తూ, వారం రోజులు నీడలో ఉంచుతారు. వానాకాలమైతే ఇంకా ఎక్కువే.

చాలామందికి తెలియని లెక్క ఇక్కడుంది. పచ్చి కప్పు ఆరి, కాలి, చివరికి చేతికొచ్చేసరికి రమారమి 12 శాతం కుంచించుకుపోతుంది. ఎత్తులో, వెడల్పులో, అన్ని వైపులా 12 శాతం. అంటే పచ్చిగా ఉన్నప్పుడు 400 మిల్లీలీటర్లు పట్టే కప్పులో చివరికి పట్టేది 270 చిల్లర. ఒకదానిలో ఒకటి ఇమిడే మూడు బౌళ్ల సెట్టు చేయమని అడిగితే నేర్పరులు కూడా ఒక్క నిమిషం ఆలోచించేది అందుకే.

> కప్పు ప్రయాణం
> మట్టి పిసికి సారె మీద లేపడానికి: పావుగంట లోపు
> అడుగు చెక్కడం, పిడి అతకడం: మర్నాడు
> నీడలో ఆరడం: వారం, వానల్లో ఇంకా ఎక్కువ
> మొదటి కాల్పు: 950 నుంచి 1000 డిగ్రీలు. కాల్చడం, చల్లార్చడం కలిపి దాదాపు రెండు రోజులు
> గ్లేజులో ముంచడం, ఆరనివ్వడం: ఒక రోజు
> రెండో కాల్పు: 1220 నుంచి 1280 డిగ్రీలు. మళ్లీ రెండు రోజులు
> బట్టీ నిండేదాకా ఎదురుచూపు: అది అదృష్టాన్ని బట్టి

రెండుసార్లు నిప్పు

మొదటి కాల్పు మట్టిని రాయి దిశగా ఒక అడుగు నడిపిస్తుంది. బయటికి ఎండినట్టు కనిపించే కప్పులో ఇంకా తేమ ఉంటుంది. వంద డిగ్రీల దగ్గర తొందరపడితే ఆ తేమ ఆవిరై, దారి దొరక్క కప్పును పేల్చేస్తుంది. ఒక్క కప్పు పేలితే దాని ముక్కలు పక్కవాటిని కూడా కొడతాయి. ఆరేడు వందల డిగ్రీలు దాటేసరికి మట్టి రేణువుల్లోనే బంధమై ఉన్న నీరు కూడా పోతుంది. అక్కడి నుంచి వెనక్కి రాదు, ఇక ఆ మట్టిని ఎన్ని నీళ్లలో నానబెట్టినా ముద్ద కాదు.

మధ్యలో 573 డిగ్రీల దగ్గర ఒక చిక్కు ఉంది. మట్టిలోని క్వార్ట్జ్ స్ఫటికాలు ఆ వేడి దగ్గర ఒక్కసారిగా రూపం మార్చుకుని ఉబ్బుతాయి. చల్లబడేటప్పుడు అదే అంకె దగ్గర మళ్లీ ముడుచుకుంటాయి. ఆ గీతను పైకి దాటినా, కిందికి దాటినా నిదానంగా దాటాలి. లేకపోతే నిండు కప్పు గోడ నిలువునా చీలుతుంది. కాల్చేవాళ్లు రాత్రి అలారం పెట్టుకుని లేచి తెర చూసేది ఇలాంటి అంకెల కోసమే.

మొదటి కాల్పు తర్వాత కప్పు లేత గులాబీ రంగులో, సుద్దలా ఉంటుంది. నాలుక ఆనిస్తే అతుక్కుంటుంది. ఇప్పుడు గ్లేజు. బకెట్‌లో మజ్జిగంత చిక్కగా ఉండే ఆ బూడిదరంగు ద్రవాన్ని చూసి, అది రేపు నీలమవుతుందనీ ఆకుపచ్చవుతుందనీ ఎవరూ ఊహించలేరు. నిజానికి గ్లేజు అంటే గాజే. ఇసుకలోని సిలికా గాజవుతుంది. కానీ అదొక్కటే కరగాలంటే 1700 డిగ్రీలు దాటాలి, కప్పు అంత వేడిని తట్టుకోదు. అందుకని ఫెల్డ్‌స్పార్, సున్నపురాయి వంటివి కలిపి కరిగే వేడిని కిందికి దించుతారు. కరిగింది నీళ్లలా కారిపోకుండా చైనా మట్టిలోని అల్యూమినా దాన్ని గోడకు పట్టి ఉంచుతుంది. రంగు కోసం కోబాల్టు వేస్తే నీలం, రాగి వేస్తే ఆకుపచ్చ. ఇనుము సంగతే వింత. కరెంటు బట్టీలో గాలి ధారాళంగా ఆడితే ఇనుము తేనెరంగో గోధుమరంగో ఇస్తుంది. గ్యాస్ బట్టీలో గాలి బిగించి పొగలో కాల్చితే అదే ఇనుము లేత జలపచ్చ రంగు ఇస్తుంది.

మన దగ్గర రైసు మిల్లుల వెనక గుట్టలుగా పడి ఉండే ఊక బూడిద దాదాపుగా సిలికానే. తూర్పు ఆసియా కుమ్మరులు వరిగడ్డి బూడిదతో పాలమీగడ లాంటి తెల్ల పూతలు చేశారు. గోదావరి జిల్లాల్లో ఈ బూడిదకు ఏం తక్కువ? సాహసించి ప్రయోగాలు చేసేవాళ్లే తక్కువ.

రెండో కాల్పులో బట్టీ లోపల కప్పుల పక్కన చిన్న పిరమిడ్ లాంటి సుద్ద కడ్డీలు నిలబెడతారు. ఫలానా వేడి ఫలానాసేపు తగిలితే అవి తలవంచుతాయి. 1886లో బెర్లిన్‌లో హెర్మన్ సేగర్ కనిపెట్టిన పద్ధతి ఇది. డిజిటల్ మీటర్లు వచ్చాక కూడా వీటిని వదలకపోవడానికి కారణముంది. మీటరు ఆ నిమిషానికి ఎంత వేడో చెబుతుంది, కడ్డీ మాత్రం కప్పు ఎంత కాలిందో చెబుతుంది.

ఇప్పుడు వెయ్యి రూపాయల లెక్క చూడండి. మట్టి ఖర్చు కప్పుకు వంద రూపాయలు కూడా కాదు. మిగతాదంతా రెండు కాల్పుల కరెంటు, లక్షలు పోసిన బట్టీ, అద్దె, వారాల తరబడి పాలిథిన్ తెరిచి మూసే చెయ్యి, ఇంకా పలకకు అతుక్కుపోయిన ఆ కప్పులు. బాగా వచ్చిన ఇరవై తొమ్మిదే రానివాటి ఖర్చు కూడా మోయాలి. బేరమాడేవాళ్లు ఈ చివరిదాన్ని ఎప్పుడూ లెక్కలో వేయరు.

> చేత్తో చేసిందా, అచ్చులో పోసిందా?
> ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా దేశంలో పెద్ద పింగాణీ పట్టణం. ఎగ్జిబిషన్లలో ‘హ్యాండ్‌మేడ్’ పేరుతో అమ్మే రంగురంగుల కప్పుల్లో చాలా భాగం అక్కడివే. వాటి మీది బొమ్మలు చేత్తో వేసినవే కావచ్చు, ఆకారం మాత్రం అచ్చుది. అందులో తప్పేం లేదు, రేటు కూడా దానికి తగ్గట్టే ఉండాలి.
> కప్పు లోపల వేలితో తడమండి. సారె మీద చేసిన దానికి సన్నటి మెలికల గీతలు తగులుతాయి. అచ్చు కప్పుకు పక్కన నిలువుగా అతుకు గీత ఉండొచ్చు.
> అడుగున వలయం చూడండి. అక్కడ గ్లేజు ఉండదు, మట్టి అసలు రంగు కనిపిస్తుంది.
> తక్కువ వేడిలో కాల్చి ముదురు మెరుపు పూసిన చౌక పాత్రల్లో సీసం ఉండే ప్రమాదముంది. ‘తినడానికి, తాగడానికి పనికొస్తుందా?’ అని నోరు తెరిచి అడగండి. పులుపు వస్తువులకైతే మరీ.
> బంగారు అంచున్నవి మైక్రోవేవ్‌లో పెట్టకూడదు.

అటక మీది చుట్టం

1200 డిగ్రీలు దాటాక మట్టిలో కొంత భాగం కరిగి గాజై, రేణువుల మధ్య సందులన్నీ పూడ్చేస్తుంది. దీన్నే స్టోన్‌వేర్ అంటున్నారు. ఇదేదో విదేశీ ఫ్యాషన్ అనుకునేవాళ్లు ఒకసారి అటక ఎక్కి చూడాలి. అమ్మమ్మ ఆవకాయ జాడీ స్టోన్‌వేరే. మెడ గోధుమరంగు, ఒళ్లు మీగడరంగు. ఏడాదంతా ఉప్పు, పులుపు, నూనె, ఆవఘాటు నాలుగూ కలిసి దాడి చేసినా లోపలికి ఒక్క చుక్క ఇంకనివ్వదు. అదే ఆవకాయ మామూలు కుండలో పెడితే వారానికే బయటి గోడ నూనె ఓడుతుంది.

కుండది తప్పేం కాదు, దాని పని వేరు. చెరువుమట్టితో చేసి, కట్టెలూ పిడకలూ గడ్డీ పేర్చి ఆవంలో కాల్చే కుండకు తగిలే వేడి సుమారు ఏడెనిమిది వందల డిగ్రీలు. గోడలో కంటికి కనపడని రంధ్రాలు మిగులుతాయి. నీళ్లు వాటి గుండా చెమర్చి, ఆవిరవుతూ వేడిని లాక్కుపోతాయి కాబట్టే ఏప్రిల్‌లో కూజా నీళ్లు గొంతుకు చల్లగా దిగుతాయి. తెలంగాణలో రంజన్ (నీళ్ల కుండ) కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి వింటారు, మోత ఖంగుమంటే బాగా కాలినట్టు. మట్టిచట్టిలో పెరుగు గడ్డలా తోడుకోవడానికీ ఆ రంధ్రాలే కారణం, నీటిని కుండ పీల్చేసుకుంటుంది. గ్లేజు బౌలులో తోడుపెట్టి ఆ గడ్డపెరుగు రాలేదని వాపోతే లాభం లేదు.

కాఫీ కప్పుకు వచ్చేసరికి ఆ రంధ్రాలే శాపం. నిన్నటి పాలు గోడలో మిగిలిపోతాయి, కడిగినా వాసన పోదు. రైల్వేస్టేషన్లలో కుల్హడ్ అనే మట్టి టీకప్పును తాగి పారేసే వస్తువుగానే తెచ్చింది అందుకే. 2004లో లాలూప్రసాద్ యాదవ్ రైల్వే మంత్రిగా ఉన్నప్పుడు వాటిని దేశమంతా తప్పనిసరి చేయబోయారు. ఆ ఉత్సాహం ఎన్నాళ్లో నిలవలేదు.

అమెరికా నుంచి పుదుచ్చేరి దాకా

మన దేశంలో స్టూడియో కుమ్మరానికి రెండు పెద్దదిక్కులను చెబుతారు. సర్దార్ గురుచరణ్ సింగ్ 1919లో జపాన్ వెళ్లి అక్కడి కుమ్మరుల దగ్గర పని నేర్చుకున్నారు. తిరిగొచ్చి ఢిల్లీలో నీలిపూత కుండలకు మళ్లీ ప్రాణం పోశారు. తర్వాత హిమాచల్‌లోని ఆంద్రెట్టా గ్రామం ఆయన బడి అయింది. రెండో దిక్కు ఒక జంట. 1971లో రే మీకర్, డెబోరా స్మిత్ అమెరికా నుంచి వచ్చి పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ ప్రారంభించారు. డెబోరా అంతకుముందే జపాన్‌లో కుమ్మరం నేర్చుకుని ఉన్నారు. ఈ రోజు దేశంలో పేరున్న సిరామిక్ కళాకారుల్లో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఆ పాక కింద మట్టి పిసికినవాళ్లే. చుట్టుపక్కల తమిళ పల్లెల నుంచి పనికొచ్చినవాళ్లు కూడా చేయితిరిగిన పనివాళ్లుగా ఎదిగారు. మీకర్ అక్కడితో ఆగలేదు. మట్టి ఇల్లు కట్టి, ఆ ఇంటినే బట్టీ చేసి లోపలి నుంచి కాల్చి చూశారు. గోడలన్నీ ఇటుకలై నిలబడ్డాయి.

మన నగరాల్లో నేర్పేవాళ్ల గురువుల దారి వెతుక్కుంటూ వెళితే చాలాసార్లు పుదుచ్చేరిలోనే తేలుతాం.

కుమ్మరి వీధి లెక్క వేరు

విజయవాడలో కుమ్మరిపాలెం, హైదరాబాద్‌లో కుమ్మరివాడి, ఊరూరా కుమ్మరి వీధి. పేర్లు మిగిలినంతగా సారెలు మిగల్లేదు. మిగిలిన చోట దీపావళి ముందు ఒక్కసారి వెళ్లి నిలబడండి. సారె మీద పెద్ద మట్టి దిమ్మ ఉంటుంది. పెద్దాయన దిమ్మ కొసన రెండు వేళ్లు ఆనిస్తాడు, ప్రమిద లేస్తుంది. బొటనవేలితో వత్తి నొక్కు పెడతాడు, దారంతో కోసి పక్కన పెడతాడు. ఆ మూడూ కలిపి ఐదారు సెకన్లు. ప్రతి ప్రమిదా ఒకే కొలత. చూపు మాత్రం సారె మీద ఉండదు, వచ్చినవాళ్లతో రేటు మాట్లాడుతుంటాడు. సెల్లార్ స్టూడియోలో ముద్దను నడిమధ్యకు తేవడానికి నెలలు పట్టినవాళ్లు ఇది చూస్తే నోట మాట రాదు.

పెద్ద కుండయితే సారె మీద సగమే పుడుతుంది. అడుగు లేకుండా మందంగా లేపి, కాస్త ఆరాక లోపల గుండ్రాయి పెట్టి, బయటి నుంచి చెక్కతో తట్టి తట్టి పల్చన చేస్తూ అడుగు మూస్తారు. గంటల కొద్దీ సాగే ఆ తట్టుడు పని ఇంటి ఆడవాళ్లకీ బాగా తెలుసు. మట్టి తేవడం, రాళ్లేరడం, ఆరబెట్టడం, ఆవం పేర్చడంలో వాళ్ల చెయ్యి లేని పని లేదు. అయినా కుమ్మరి అనగానే మన కళ్లముందు మగమనిషే కనిపిస్తాడు.

ఆ నేర్పుకు గిట్టుబాటు ఎంత? డజను ప్రమిదలు ముప్పయ్యో నలభయ్యో. అవీ ఏడాదిలో ఒక్క పండక్కి. పొరుగు రాష్ట్రాల నుంచి లారీల్లో దిగే అచ్చు ప్రమిదలతో పోటీ. ఊరి చెరువు ప్లాట్లయిపోతే మట్టికి కూడా డబ్బు పెట్టాలి. ఆవం పేర్చాక వాన పడిందంటే నెల కష్టం బురద. ‘కుమ్మరికొక ఏడు, గుదియకొక పెట్టు’ అన్న సామెత గుదియ గురించే చెప్పింది, ఇన్ని దెబ్బల గురించి చెప్పలేదు.

> ఒక్కసారి కోసమే కుండ
> తెలంగాణ పెళ్లిళ్లలో కుమ్మరి ఇంటి నుంచి మేళతాళాలతో తెచ్చే ఐరేని కుండలు, ఆషాఢంలో అమ్మవారికి ఎత్తే బోనం, సంక్రాంతి పొంగలికి కొత్త కుండ, చివరికి పాడె ముందు నిప్పుకుండ. ఇంత ముఖ్యమైన పనులన్నిటికీ కొత్త మట్టిపాత్రే కావాలి. మట్టి దేన్నైనా లోపలికి పీల్చుకుంటుంది కాబట్టి కడిగి శుద్ధి చేయడం కుదరదన్నది పాతకాలపు ఆచారం. కుమ్మరికి ఏటా పని దొరికింది కూడా దానివల్లే.

స్టూడియోలో ఎవరూ కులం అడగరు. వీధిలో కులమే పనికి పేరు. ఒక చోట అదే మట్టి పట్టినందుకు క్లాసుకు డబ్బు కట్టి, చేతులు ఫొటో తీసుకుంటారు. మరో చోట ఆ చేతులున్నాయనే, చదువుకున్న కొడుకు పెళ్లిచూపుల్లో తండ్రి పని చెప్పడానికి తడబడతాడు. ఈ తేడాను నేర్పు కొరతగా చూపించేవాళ్లు ఒక్కసారి ఆ ప్రమిదల దిమ్మ దగ్గర కూర్చుంటే తెలుస్తుంది.

కొరత సారెది కాదు

మరి ఆ పెద్దాయన కప్పులెందుకు చేయడు? చేయగలడు. ఒక్క రోజులో వంద లేపగలడు. వాటిని కాల్చే వేడి అతని దగ్గర లేదు. చెరువుమట్టి 1200 డిగ్రీల్లో కుంగి కరిగిపోతుంది, స్టోన్‌వేర్‌కు వేరే మట్టి కలపాలి. గడ్డి, పిడకల ఆవం అంత వేడి ఇవ్వదు. చిన్న కరెంటు బట్టీ అయినా లక్ష దాటుతుంది, పెద్దదానికి త్రీఫేజ్ లైను కావాలి. వెయ్యి రూపాయల కప్పుకూ మూడు రూపాయల ప్రమిదకూ మధ్య ఉన్న గోడ నాలుగైదు వందల డిగ్రీల మందం.

సర్కారు సాయం ఎక్కువగా సారె దగ్గరే ఆగుతోంది. ఖాదీ కమిషన్ 2018 నుంచి కుమ్మరులకు కరెంటు సారెలు పంచుతోంది. కర్రతో చక్రం తిప్పీ తిప్పీ భుజం అరిగినవాళ్లకు అది నిజంగా మేలే, కాదనలేం. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కుమ్మరం ఉంది. శిక్షణలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15 వేలు, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, ఆ తర్వాత రెండు లక్షల రుణం. పదిహేను వేలకు సారె వస్తుంది, బట్టీ రాదు. లక్ష అప్పు చేసి బట్టీ కొన్నా, అందులో ఏ మట్టి ఎంత కలపాలో, ఏ గ్లేజు ఏ వేడికి కరుగుతుందో చెప్పేవాళ్లు పక్కన లేకపోతే మొదటి మూడు కాల్పుల్లోనే అప్పు బూడిదవుతుంది.

విచిత్రమేమిటంటే ముడిసరుకంతా మన కాళ్ల కిందే ఉంది. ద్వారకా తిరుమల పరిసరాల్లో స్టోన్‌వేర్‌కు కావలసిన బాల్ క్లే దొరుకుతుంది. నెల్లూరు వైపు, పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఫెల్డ్‌స్పార్ గనులున్నాయి. ఆంధ్రా ఫెల్డ్‌స్పార్ గుజరాత్‌లోని మోర్బీ దాకా వెళ్లి టైల్సై తిరిగొచ్చి మన ఇళ్ల నేలల మీదే పరుచుకుంటోంది. పలమనేరు, మదనపల్లె వైపు టెర్రకోట చేసే కుటుంబాలకు బొమ్మల్లో, తోట కుండీల్లో మంచి పేరే ఉంది. వాళ్లు మరో మెట్టెక్కడానికి అడ్డం నేర్పు కాదు, నిప్పే.

దీనికి దారి లేకపోలేదు. నగరాల్లో కొన్ని స్టూడియోలు బయటివాళ్ల కప్పుల్ని కూడా రుసుము తీసుకుని కాల్చిపెడుతున్నాయి. అదే పద్ధతి ఊరి స్థాయిలో, పది కుటుంబాలకు ఒక బట్టీ చొప్పున పెడితే ఒక్కొక్కరూ లక్షలు తేనక్కర్లేదు. ఇలాంటి ఉమ్మడి వసతి కోసం కేంద్రం 2005లోనే స్ఫూర్తి పథకం పెట్టింది. ఉమ్మడి బట్టీ అనగానే గొడవలూ వస్తాయి. ఎవరి కప్పులు పై అరలో, ఎవరివి కింద? పేలిన కప్పు ముక్క పక్కవాడి బౌలును కొడితే నష్టం ఎవరిది? కరెంటు బిల్లు కప్పుల లెక్కనా, అరల లెక్కనా? కాగితం మీద ఉమ్మడి బట్టీ కట్టేవాళ్లు ముందుగా ఆలోచించాల్సినవి ఇవే. ఇవి తేల్చడానికి బట్టీ పక్కన రోజూ నిలబడే మనిషి ఒకరుండాలి. గ్లేజు కలపడం తెలిసి, 573 దగ్గర రాత్రి మేలుకుని, బిల్లు అరల లెక్కన పంచి, రెండువైపులా తిట్లు తినగలిగే మనిషి.

అలాంటివాళ్లు తయారయ్యే చోటు కూడా దూరమేం కాదు. గూడూరులో ప్రభుత్వ సిరామిక్ టెక్నాలజీ సంస్థ డిప్లొమా చెబుతోంది. ఈ చదువు చదివినవాళ్లను టైల్స్, శానిటరీవేర్ ఫ్యాక్టరీలు పిలిచి ఉద్యోగాలిస్తాయి. కుమ్మరి వీధి వైపు పిలిచే జీతం కనిపించనంత కాలం వాళ్లను తప్పుపట్టలేం.